బానెట్ కింది దుప్పటి

ఇంజన్ ఆపగానే కారు చల్లబడుతుందని అందరూ అనుకుంటారు. ఆపిన తర్వాతే అసలు వేడి. నడిచేటప్పుడు ఎదురుగాలి తగులుతుంది, ఫ్యాను తిరుగుతుంది, గొట్టాల్లో నీళ్లు తిరుగుతాయి. ఆపేశాక ఇవన్నీ ఒక్కసారిగా నిలిచిపోతాయి. పొగగొట్టం మొదలు మాత్రం పొయ్యి మీది పెనంలా కాగుతూనే ఉంటుంది, ఆ సెగకు పక్కకు పోయే దారి లేదు, తిన్నగా పైకి లేచి బానెట్ రేకును పట్టుకుంటుంది. రేకు మీద నా రంగు ఉంది. ముదురు ద్రాక్ష రంగు, దాని మీద గాజులాంటి పూత, మూడోసారి వేసింది. ఈ గంటలో అది బొబ్బ లేస్తే నా పని అయిపోయినట్టే. ఎవరో నన్ను తీసేయడం కాదు, నేనే అన్నాను. ఈసారి కూడా ఉబ్బితే రంగు కొట్టే గన్ను గోడకు తగిలించేసి ఇంట్లో కూర్చుంటానని, బావమరిది ముందు, పళ్ల డాక్టరమ్మ ముందు, నా నోటితో నేనే అన్నాను. అందుకే షెడ్డులో స్టూలు లాక్కుని కారు ముక్కు దగ్గర కూర్చున్నాను, బిడ్డ జ్వరం చూసే తల్లిలా. డాక్టరమ్మ క్లినిక్ మూసి వచ్చేసరికి గంట పడుతుంది. కారును ఎండలో బాగా తిప్పి, తెచ్చి ఆపి, బానెట్ మూసే ఉంచాలి. అది షరతు. "తెరిచిపెడితే ఇంక పరీక్షేముంది బావా?" అన్నాడు బావమరిది. నిజమే కదా అనుకున్నాను. వాడు ఏం చెప్పినా నాకు నిజమే కదా అనిపిస్తుంది, ఇరవయ్యేళ్లుగా అదే అలవాటు.

కారు డాక్టరమ్మ తండ్రిది. ఆయన పోయాక ఆవిడ దాన్ని అమ్మలేదు, నడపనూ లేదు, అప్పుడప్పుడూ వచ్చి బానెట్ మీద గోటితో టక్ టక్ మని కొట్టి చూస్తుంది, రోగి పన్ను కొట్టి చూసినట్టు. ఊళ్లో అందరి నోళ్లూ తెరిపిస్తుంది, తన కారు నోరు మాత్రం ఇంతవరకూ తెరిచి చూడలేదు. లోపలి తీగలూ గొట్టాలూ చూస్తే తల తిరుగుతుందట. కానీ బానెట్ లోపలి వైపుకు ఒక దుప్పటి కావాలని మాత్రం ఆవిడకు తెలుసు, నాన్న చెప్పేవారట. ఒత్తుగా అదిమిన ఉన్ని పలక, ఇంజన్ వైపు వెండి రేకు అంటించి ఉంటుంది, అంచుల చుట్టూ గుండ్రటి కంతలు, ఆ కంతల్లోంచి బటన్లు నొక్కితే రేకుకు అతుక్కుంటుంది. సెగ వచ్చి ఆ వెండికి తగిలి వెనక్కి పోతుంది, రంగు బతుకుతుంది. ఆవిడ కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించి, మొదటిసారి రంగు వేయడానికి ముందే మా షెడ్డులో ఇచ్చి వెళ్లింది. ఎవరికిచ్చింది? బావమరిదికి. ఎందుకంటే అది కిందిది. మా షెడ్డులో బానెట్ పైభాగం నాది, కింది భాగం వాడిది. అంచు సరిహద్దు. నేను కిందికి చెయ్యి పెట్టను, వాడు పైన వేలు పెట్టడు.

ఈ సరిహద్దు గీసింది నా భార్య. షెడ్డు పెట్టిన కొత్తల్లో నేను వాడి పనిలో ఒక నట్టు బిగించాను, వదులుగా ఉందని. వాడికి రోషం వచ్చి, ఆరని నా పూత మీద నూనె చెయ్యి అచ్చు వేశాడు, ఐదు వేళ్లూ పడ్డాయి. వారం పాటు మాటల్లేవు. ఇంట్లో అన్నం ముందు ఇద్దరం గోడలకేసి చూస్తూ తింటుంటే ఆమె గరిటెతో గిన్నె మీద కొట్టింది. "పైది మీది, కిందిది వాడిది. ఒకరి దాంట్లో ఒకరు తలపెడితే ఇద్దరికీ అన్నం పెట్టను" అంది. అంతే, అప్పటి నుంచి మళ్లీ గొడవ రాలేదు. రంగు వేసేటప్పుడు దుప్పటి తీసేది వాడే, అంతా ఆరాక మళ్లీ బిగించేదీ వాడే. బిగించాడా లేదా అని నేను చూడను. చూడటమంటే నమ్మకపోవడం.

మొదటిసారి బొబ్బలు లేచినప్పుడు అడుగు పూత ప్రైమర్ పాతదేమో అన్నాడు. ప్రైమర్ మార్చాను. రెండోసారి లేచినప్పుడు తప్పు దేనిదో చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే నన్ను తినేసింది. తల ఒక పక్కకు వంచి, బానెట్ మీది బొబ్బ వైపు చూసి, తర్వాత నా చేతి వైపు చూసి, పోనీలే బావా అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్లి గ్లాసు నిండా నీళ్లు పోసి చాచిన అరచేతిలో పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నీళ్లు కదిలాయి. నీళ్లు అందరి చేతుల్లోనూ కదులుతాయి. కానీ ఆ రోజు నుంచి నాకు నా చెయ్యి మీద నిఘా మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకుంటూ చూసుకునేవాణ్ని, తాళం కన్నంలో తాళంచెవి పెడుతూ చూసుకునేవాణ్ని. కళ్ల డాక్టరు దగ్గరికెళ్లి అక్షరాలు చదివొచ్చాను. వేరే కార్లకు వేసిన రంగులన్నీ తళతళలాడుతుంటే వాటి గురించి ఆలోచించనే లేదు. ఉబ్బిన ఒక్క బానెట్టే నా చెయ్యి అనుకున్నాను. ఈ మూడోసారి ముసుగు కట్టుకుని గన్ను పట్టుకుంటే నా చెయ్యి వేరేవాడిదిలా అనిపించింది. ముప్పై ఏళ్లు నాతో పనిచేసిన చెయ్యిని అనుమానించి, తిట్టి, బతిమాలి వేశాను ఈ పూత.

ఇంతా చేసి ఇప్పుడు నా వేలు కాలింది.

కాలడం ఇందాకే, కారు ఆపిన కాసేపటికి. ముందు ముక్కుకు తెలిసింది. దుప్పటి ఉన్న బానెట్ వేడెక్కితే ఒక మెత్తటి వాసన వస్తుంది, వెచ్చబడిన ఉన్ని వాసన. ఇప్పుడు వచ్చింది కాలిన ఇనుము వాసన. నాకేంటిలే, కిందిది కదా అనుకుని బానెట్ ముందంచు వెంట వేలు జరుపుతూ పోయాను, పూత గరుకుగా ఉందేమోనని. అంచు వరకూ నాదే. వేలు అంచు దాటింది. గ్రిల్లుకూ బానెట్‌కూ మధ్య వేళ్లు దూరేంత సందు ఉంటుంది పాత కార్లకు. ఉన్ని తగలాలి. రేకు తగిలింది. ఒట్టి రేకు, కాగిపోతున్న రేకు, అందులో బటన్ ఉండాల్సిన చోట గుండ్రటి కంత, ఖాళీగా. చటుక్కున వేలు లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. నాలుకకు మసి తగిలింది. నున్నగా పేరుకున్న, ఎన్నాళ్లుగానో పట్టిన మసి. ఇది ఈ రోజు మర్చిపోయింది కాదు. ఈ కంతలో చాలాకాలంగా బటన్ లేదు. మొదటిసారీ లేదు, రెండోసారీ లేదు. ఆ మసి అంతా నన్ను చూసి నవ్వుతున్నట్టుంది. ఒరేయ్. అవతల రెండో కారు కింద పడుకున్నాడు వాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, ఈల వేసుకుంటున్నాడు. ఆ ఈల నాకు ఇష్టం. దాన్నిబట్టి వాడి పని ఎంతవరకు వచ్చిందో చెప్పగలను.

ఎందుకు? అనే ప్రశ్న వచ్చేలోపే ఎక్కడ? అనే ప్రశ్నకు జవాబు వచ్చేసింది. అది తల్లోంచి రాలేదు, కాలిలోంచి వచ్చింది. ఆ గుండ్రటి కంత నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఇంట్లో కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, నా కాలి బొటనవేలు మిషన్ కింది పరుపులో గుడ్డ చాటున తగిలే ఒక గుండ్రటి కంతలో పెట్టి తిప్పుతుంటాను, పక్కన నా భార్య కుట్టుమిషన్ తొక్కుతుంటే. ఆ మిషన్ చప్పుడుకు కింది వాటావాళ్లు చీపురు కర్రతో పైకప్పు పొడిచేవాళ్లు. ఒకరోజు ఇంటికెళ్లేసరికి మిషన్ కింద పాత దుప్పటి గుడ్డతో కుట్టిన మందపాటి పరుపు ఉంది. చప్పుడు లేదు. "తమ్ముడు తెచ్చిచ్చాడండీ, ఏదో ప్యాకింగ్ ముక్కట" అంది. మీవాడికి బుర్ర ఉంది అన్నాను. అన్నానా? అన్నాను. రెండుసార్లు అన్నాను. ఒకసారి గుడ్డ మూల కుట్టు ఊడి లోపల ఏదో తెల్లగా తళుక్కుమంటే, భలే ప్యాకింగ్ రా అనుకుని కాలితోనే గుడ్డ మూసేశాను. నా చెయ్యి పోయిందని నేను కుమిలిపోతున్న సాయంత్రాలన్నీ, నా చెయ్యి పోలేదనే సాక్ష్యం నా పాదాల కింద ఉంది. దాని మీద కాళ్లు చాపుకుని, వయసైపోతోందే అని ఆమెతో చెప్పుకున్నాను. ఆమె దారం కొరికి, "అవునండీ, ఇంక చాల్లెండి ఈ పని" అంది.

ఆమెకు తెలియదు. ప్యాకింగ్ ముక్క అనే అనుకుని ఉంటుంది. తమ్ముడు ఇచ్చాడు, అక్క తీసుకుంది, అంతే. వాడు షెడ్డు మొత్తం తనకే కావాలనుకుని ఉంటాడు, నా మూల ఖాళీ అయితే కార్లు ఎత్తే ఇంకో లిఫ్టు పెట్టుకోవచ్చనుకుని ఉంటాడు. వాడు మోసం చేస్తే నేను తట్టుకోగలను, తిడతాను, కొడతాను, మళ్లీ వారం గోడకేసి చూస్తూ తింటాను. ఆమెకు తెలియకపోతే చాలు. ఫోన్ తీశాను. కాలిన వేలితో నొక్కితే అద్దం పలకలేదు, ఇంకో వేలితో నొక్కాను. అటు మిషన్ చప్పుడు, మెత్తగా, దూదిలో చుట్టినట్టు. దాన్ని అంత మెత్తగా చేసింది ఏదో ఇప్పుడు నాకు తెలుసు.

"చెప్పండి."

"మిషన్ కింద ఉన్నదేంటి?"

మిషన్ ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. ప్యాకింగ్ ముక్క అను. ఏదో చెత్త అను. ఇప్పుడెందుకండీ అని విసుక్కో.

"వాడు చెప్పేశాడా?" అంది.

షెడ్డులో ఈల ఆగలేదు. ఎక్కడో కంప్రెసర్ గాలి వదిలి నిట్టూర్చింది. నేను బానెట్ మీద ట్యూబ్‌లైటు నీడ చూస్తున్నాను. పూత మీద అది స్కేలు పెట్టి గీసిన తెల్ల గీతలా తిన్నగా ఉంది. బొబ్బ రాబోయే ముందు మొదట వంకరపోయేది ఆ గీతే.

"ఎందుకు చేశావ్?" అన్నాను.

"మీ ఎక్స్‌రే చూసి ఛాతీ డాక్టరు ఏమన్నాడు? ఇంకా గన్ను పట్టుకుంటే ఊపిరి ఆడటం కష్టమన్నాడా లేదా? మీరేమన్నారు? ముసుగు కట్టుకుంటాగా అన్నారు. ముసుగు కడితే కళ్లద్దాలకు ఆవిరి పడుతోందని మెడలోకి దించేస్తారు, వాడు చూస్తూనే ఉన్నాడు. రాత్రంతా మీరు దగ్గుతుంటే నేను లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని. నేను చెప్తే వినరు. డాక్టరు చెప్తే వినరు. మీ చెయ్యి చెప్తేనన్నా వింటారనుకున్నా."

"నా చెయ్యి చెప్పలేదే. దాని చేత మీరిద్దరూ చెప్పించారు."

"ఏదైతేనేం? మనిషి ఉంటాడు కదా" అంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది. నేను ఫోన్ పెట్టేశాను.

మనిషి ఉంటాడు. ఏ మనిషి? గ్లాసులో నీళ్లు చూసుకునే మనిషి, తాళం కన్నం ముందు భయపడే మనిషి. వాణ్ని కాపాడారు ఇద్దరూ. మెడ పట్టి గెంటలేదు, పొమ్మని ఒక్క మాట అనలేదు, పొగబెట్టారు, అదీ నా రంగుకు. నా మంచికే. తిట్టడానికి ఒక్క చెడ్డ మాట దొరకకుండా చేశారు. శత్రువు నమ్మించి గొంతు కోస్తే ఊరందరికీ చెప్పుకోవచ్చు, వీళ్లు గొంతు బాగుండాలని చెయ్యి కోశారు, ఎవరికి చెప్పుకోను? దగ్గు నిజమే. మెడలోకి దించిన ముసుగు నిజమే. ఆమె పక్కమీద లేచి కూర్చుని నా వీపు మీద చెయ్యి పెట్టడమూ నిజమే, ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉండేది, నేను నిద్రపోయినట్టు నటించేవాణ్ని, ఆమె భయపడకూడదని. ఆ చేత్తోనే కదా ఆ దుప్పటికి గుడ్డ తొడిగింది. సూది ఎక్కించి, నాలుగు మూలలూ మడిచి, వెండి కనపడకుండా, ఎంత చక్కగా కుట్టింది. ఆమె కుట్టు ఎప్పుడూ చక్కగానే ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి, ఈ పని మానకపోతే నేను మా అమ్మ దగ్గరికి పోతానని అరిచి ఉంటే మానేవాణ్నా? ఏమో. మానేవాణ్నేమో. అడగాలి కదా. గిన్నె మీద గరిటెతో కొట్టాలి కదా.

ఈల ఆగింది. కారు కింది నుంచి జారుకుంటూ వచ్చి, మోచేతుల మీద లేచి, గుడ్డకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బానెట్ వైపు చూడలేదు, నా ముఖం వైపు చూశాడు.

"ఉబ్బిందా బావా?"

"దుప్పటి ఏదిరా?"

తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, మనిషి ముఖంలో ఇవాళే చూశాను. "అక్క చెప్పేసిందా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అక్క వాణ్ని అనుమానిస్తోంది, వాడు అక్కను అనుమానిస్తున్నాడు, ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేదు. నేను ఒక్కణ్నే ఇద్దర్నీ నమ్మాను. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా వాడు తల దించుకుని నిలబడ్డాడు, చూశావా మరి అని అనకుండా. ఆ మర్యాద ఉంది వాడికి. నేను బానెట్ లోపలి మీట వైపు అడుగు వేశాను. తెరిస్తే సెగ పోతుంది. రంగు బతుకుతుంది. వాడు అడ్డం వచ్చాడు.

"ఆగు బావా. ఆలోచించు. ఇప్పుడు తెరిచావంటే ఆవిడొచ్చి ఒట్టి రేకు చూస్తుంది. దుప్పటి ఎక్కడ అంటుంది. ఏం చెప్తావ్?"

"నువ్వు తీశావని చెప్తాను."

"చెప్పు. నేను కాదనను. కానీ ఎక్కడుంది అంటే? మీ ఇంట్లో ఉంది. రోజూ దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నావ్. నీకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను." బెదిరించడం లేదు, బతిమాలుతున్నాడు, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి వెధవకు. "మూసే ఉండనీ బావా. ఉబ్బనీ. రంగు పోయిందంటే ఎవరూ ఏమీ అనరు. పెద్దాయనకు వయసైపోయిందంటారు. అంతేగా. వయసు ఎవరికి రాదు? వేరే చోట ఆ రంగు నేను వేయిస్తా, దుప్పటి నేనే తెచ్చి బిగిస్తా, గుట్టుగా అయిపోతుంది. నువ్వు ఇంట్లో హాయిగా... అక్క కోసం బావా."

ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. పట్టక్కర్లేదు, ఈ లెక్కన ఆ దొంగను నేనే. ఎంత పకడ్బందీగా అమర్చారో, అమర్చామని వాళ్లకే తెలియదు. మూసి ఉంచితే చెయ్యి పోయినవాణ్ని. తెరిస్తే దొంగను. రెండిట్లో ఏది కావాలో ఎంచుకోమని నన్ను ఈ స్టూలు మీద కూర్చోబెట్టారు. ట్యూబ్‌లైటు గీత చూశాను. సరిగ్గా పొగగొట్టం మొదలుకు పైన, ఎప్పుడూ బొబ్బ లేచే చోట, గీత ఒక వెంట్రుక వాసి వంగింది. లేకపోతే నా కళ్లు చెమర్చాయా? తుడుచుకుని చూశాను. వంగింది. లోపల నా పూత రేకును వదలడానికి సిద్ధమవుతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం సెగ. చేయి పైన గాలిలో ఆపి పట్టుకున్నాను, అరచేతికి సెగ కొడుతోంది. చెయ్యి వణకడం లేదు. గమనించాను. అనుకుని చూసుకోలేదు, ఊరికే గమనించాను, ఎండలో నీడను గమనించినట్టు. వేళ్లు తిన్నగా, నెమ్మదిగా, బానెట్ మీద గాలిలో నిలబడి ఉన్నాయి.

బయట కారు తలుపు వేసిన చప్పుడు. గచ్చు మీద డాక్టరమ్మ మడమల చప్పుడు. బావమరిది గుడ్డ బిగించి పట్టుకున్నాడు.

వాణ్ని మోచేత్తో పక్కకు నెట్టి మీట లాగాను. ముందంచు కింద కాలిన వేలే దూర్చి కొక్కెం తప్పించి, రెండు చేతులా ఎత్తాను. సెగ ముఖం మీద కొట్టింది, కనురెప్పలు చురుక్కుమన్నాయి. కర్ర పెట్టి నిలబెట్టాను. ఒట్టి రేకు, నల్లటి మసి, చుట్టూ ఖాళీ కంతలు, పళ్లు ఊడిన చిగుళ్లలా. ఆవిడ షట్టర్ కింద వంగి లోపలికి వచ్చి, తల ఎత్తి, తండ్రి కారు నోరు తెరుచుకుని ఉండటం చూసి ఆగిపోయింది. తల తిరగలేదు ఆవిడకు. దగ్గరికి వచ్చి లోపలికి చూసింది, రోజంతా నోళ్లలోకి చూసే మనిషి, ఏది లేదో ఇట్టే పట్టుకుంది.

"ఇక్కడ దుప్పటి ఉండాలి కదా?"

"ఉండాలండీ."

"ఏది?"

బావమరిది ముందుకు వచ్చాడు, ఏదో అనబోయాడు, అక్క పేరు కూడా బయటికొస్తుందనుకున్నాడేమో ఆగిపోయాడు. నేను వాడి కోసం ఎదురు చూశాను. ఒక్క మాట చాలు, నేను తీశానని అంటే చాలు. వాడు గుడ్డతో వేళ్ల సందులు తుడుచుకుంటున్నాడు, ఎప్పుడో శుభ్రమైపోయిన వేళ్లు.

"మా ఇంట్లో ఉందండీ" అన్నాను. "మా ఆవిడ కుట్టుమిషన్ కింద."

ఆవిడ నన్ను చూసింది. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు, తెలిసినా చూపు తిప్పుకోలేదు. ఇన్నేళ్ల పెయింటర్ గారూ అనే పిలుపు ఆ కళ్లలోంచి ఊడి పడిపోవడం కనిపించింది. నా పేరు రేపటికి ఈ వీధి చివరిదాకా వెళ్తుంది, ఎల్లుండికి ఇంటికీ వస్తుంది. రానీ. చెయ్యి చచ్చినవాడిగా ఇంట్లో కూర్చోవడం కంటే చెయ్యి ఉన్న దొంగగా కూర్చుంటాను. రాత్రి మా ఆవిడ నా వీపు మీద చెయ్యి పెట్టినప్పుడు ఇక నిద్ర నటించను.

"అయితే అందుకే ఉబ్బిందా, రెండుసార్లూ?" అంది ఆవిడ, ఒక్కో మాటా కొరికి.

"అందుకేనండీ" అన్నాను. "రంగు తప్పు కాదు. గోటితో కొట్టి చూసుకోండి."